స్టేడియంలో కళ్ళు మూసుకున్న అత్తయ్య

మా అత్తగారు నాకు మేనత్త కూడా. అంచేత ఆవిడ మీద కోపం వస్తే నాకు రెండు వరసల్లోనూ వచ్చేది. ఎనభైల మొదట్లో, మేం ఎడిసన్‌లో ఉన్న రోజుల్లో, ఆర్నెల్లు ఉండి వెళ్దామని ఆవిడ మా ఇంటికి వచ్చింది. ఆ వేసవి సగం నేను పళ్ళు నూరుకుంటూనే గడిపాను. గొడవంతా మా అమ్మాయి పరుగు గురించే.

అమ్మాయికప్పుడు పధ్నాలుగో ఏడు. సెప్టెంబరులో హైస్కూల్లో చేరబోతోంది. ఆ స్కూలు కోచ్ దాన్ని ఎక్కడ చూశాడో ఏమో, పరుగు టీములో వేసుకుంటానని ఇంటికి ఫోన్ చేశాడు. ఈ పిల్ల కాళ్ళలో ఏదో ఉంది, ఇంట్లో కూర్చోబెట్టి పాడు చెయ్యకండి అన్నాడు. ఆ మాట విన్నాక దానికి ఆ పూట అన్నం సహించలేదు, సంతోషంతో. నేను సరేనన్నాను. మా ఆయన మాత్రం అమ్మ వస్తోందిగా, వచ్చాక చూద్దాం అన్నారు. అమ్మ వచ్చింది, వద్దంది.

నిక్కర్లు వేసుకుంటుందని కాదు, ఆడపిల్ల అని కూడా కాదు. అంతమంది చూస్తారని. చూపు తగులుతుందని. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, నేనూ మొదట నవ్వాను. కానీ ఆవిడ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.

అత్తయ్యకి మా ఆయన కంటే ముందు ఒక కూతురు. నాకు వదిన వరస. నాకు ఊహ తెలియక ముందే పోయింది. బందరులో బడి వార్షికోత్సవం నాడు పరుగుపందెంలో మగపిల్లల్ని కూడా వెనకేసుకుని మొదటొచ్చిందట. వచ్చినవాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారట. ఆ రోజు ఇంటినిండా చుట్టాలు. ఆ హడావిడిలో అత్తయ్య పిల్లకి దిష్టి తీయడం మర్చిపోయింది. వారం తిరక్కుండా జ్వరం పట్టుకుంది. టైఫాయిడ్ అన్నారు. పిల్ల దక్కలేదు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తలేదు. సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిపినదాన్ని, ఒక్కసారి కూడా వినలేదు. పేరేమిటో కూడా మా అమ్మ చెబితేనే తెలిసింది.

మా ఆయన ఇంజనీరు. దిష్టీ గిష్టీ నమ్మే మనిషి కాదు. కానీ అక్క పోయినప్పుడు తల్లి ఎలా అయిపోయిందో చూసినవారు. ఆవిడ మొహం చూసి ఎదురు మాట్లాడలేకపోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. పోయిన పిల్ల కోసం ఉన్న పిల్లని కట్టేస్తారా అని వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. గిన్నెలకి ఏం తెలుస్తుంది, పాపం.

అత్తయ్య వచ్చిన కొత్తల్లో ఒక సాయంత్రం అమ్మాయికి ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీసి ఎలక్ట్రిక్ పొయ్యి మీద వేసింది. ఇల్లంతా ఘాటు. పొగ అలారం కెవ్వుమంది. పక్కింటాయన పైజమాతోనే పరిగెత్తుకొచ్చి, ఏమైంది, అందరూ క్షేమమేనా అని దగ్గుతూ అడిగాడు. ఆ రోజు నుంచి మిరపకాయలు మానిపించాం. ఉప్పు ఒక్కటే, తీసి గ్లాసుడు నీళ్ళలో వేసేది. ఉప్పు కరిగితే దిష్టీ కరిగినట్టే.

ఇదిలా ఉండగా మా ఆయన ఆఫీసులో ఎవరో నాలుగు టికెట్లు ఇచ్చారు. రెండు గంటల డ్రైవ్ దూరంలో ఒక స్టేడియంలో పెద్ద అథ్లెటిక్స్ పోటీలు, ఎన్నో దేశాల వాళ్ళు వస్తున్నారు. అమ్మాయి ఇల్లెక్కి అరవడం ఒక్కటే తక్కువ. అత్తయ్యని ఇంట్లో ఒంటరిగా వదలలేం. ఫోన్ మోగితే వణికిపోయేది ఆవిడ. సరే, పరిగెత్తొద్దంది గానీ చూడొద్దనలేదుగా అని ఆవిణ్ణీ కారెక్కించాం. పెరుగన్నం, ఊరగాయ, గొడుగు, చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు. అలా బయల్దేరింది.

స్టేడియంలోకి అడుగు పెట్టగానే అత్తయ్య నిలబడిపోయింది. నేనూ నిలబడిపోయాను, అబద్ధం ఎందుకు. పచ్చటి గడ్డి చుట్టూ ఎర్రటి ట్రాక్, ఇప్పుడే అలికి ఆరబెట్టినట్టు. చుట్టూ మనుషులు, మనుషులు, ఇంకా మనుషులు. "ఇంతమంది కళ్ళే," అంది అత్తయ్య నెమ్మదిగా. ఇంతమంది మనుషులు అనలేదు.

మా వరసలో చివర అమ్మాయి, దాని పక్కన వాళ్ళ నాన్న, నేను, నా పక్కన అత్తయ్య. అత్తయ్యకి అటువైపు ఒక నల్లజాతి పెద్దావిడ, నెత్తిన వెడల్పాటి టోపీ, ఒళ్ళో ఫ్లాస్కు. ఆవిడకి అక్కడ పరిగెత్తేవాళ్ళందరూ తెలుసు. ఏ దేశం వాళ్ళయినా సరే, తన మేనల్లుళ్ళనీ మేనకోడళ్ళనీ పిలిచినట్టు పేరు పెట్టి కేకేసేది. మాకూ చెప్పేది, ఇదిగో ఈ పిల్లని చూడండి, మోకాలికి ఆపరేషనయి వచ్చింది, అదిగో అతను కిందటేడు ఎంత ఏడ్చాడో అంటూ.

నేను పరుగుపందేలు టీవీలో చూశాను. చూశాననుకున్నాను. టీవీలో ఆ చప్పుడు ఉండదు. తుపాకీ పేలగానే ఎనిమిది మంది మగవాళ్ళు మా ముందు నుంచి వెళ్ళిపోయినప్పుడు నేల దడదడలాడిన ఆ చప్పుడు, వాళ్ళ ఊపిరి, ముక్కులోంచీ నోట్లోంచీ వచ్చే ఆ రొప్పు, అది నా పొట్టలో తగిలింది. నేను నోరు తెరిచి మూసేలోపు అయిపోయింది. మనుషులు ఇలా కూడా చెయ్యగలరా అనిపించింది. ఎందుకో ఏడుపొచ్చింది కూడా. వెనక వరసలో కుర్రాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గంతులేస్తున్నారు. ముందు వరసలో ఒక ముసలి దంపతులు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని కూర్చున్నారు. అంతమందిలో ఎవరికీ ఒంటి మీద తెలివి లేదు.

"ఎంత బావున్నారో" అన్నాను. అత్తయ్య నా తొడ మీద గట్టిగా గిల్లింది. నోరు ముయ్యమంది. పైకి అనకూడదట. అంటే తగులుతుందట. ఆ తర్వాత ఒక్కొక్క పోటీకీ ఆవిడ చేసిన పని ఒకటే. పరిగెత్తినవాళ్ళ వైపు చేతులు చాపి, కణతల దగ్గర పెట్టుకుని మెటికలు విరవడం. పొడుగాటి గడ పుచ్చుకుని ఒకడు గాల్లోకి లేచి, అంత ఎత్తున కర్ర మీదుగా మెలిక తిరిగి అవతల పడ్డప్పుడు స్టేడియమంతా ఒక్కసారిగా హా అంది. అత్తయ్య పటపటా పది వేళ్ళూ విరిచింది. హర్డిల్స్ మీదుగా ఆడపిల్లలు వెళ్ళారు. కాళ్ళు అలా చాపి ఇలా మడిచి, ఒక్కొక్కటీ తగిలీ తగలనట్టు. "ఎవరు కన్న బిడ్డలో," అంటూ మళ్ళీ విరిచింది. ఆవిడ కళ్ళు కూడా మెరుస్తున్నాయి. అది దాచుకోవడానికే తంటాలు పడుతోంది.

 అటుపక్క, ఎప్పుడూ వాగుతూ ఉండే అమ్మాయి ఆ రోజు మోకాళ్ళ మీద చేతులు బిగించుకుని, ఊపిరి కూడా లెక్కపెట్టుకుంటున్నట్టు కూర్చుంది. నేను దాన్ని చూసి, అత్తయ్యని చూసి, నాలో నేనే ఉడికిపోయాను.

ట్రిపుల్ జంప్ ఇసక గుంట సరిగ్గా మా ఎదురుగా ఉంది. పరిగెత్తుకొచ్చి ఒంటికాలి మీద గెంతి, మళ్ళీ ఆ కాలి మీదే వాలి, ఒక అంగ వేసి, అప్పుడు దూకాలి. "అంత మనిషి తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాడేమే," అంది అత్తయ్య. నాకు ఆ రోజంతటికీ అప్పుడొచ్చింది నవ్వు. కానీ అతను దూకినప్పుడు నవ్వు ఆగిపోయింది. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మోకాళ్ళ దాకా మేజోళ్ళు. పక్కావిడ అతని పేరు కేకేసింది. అతను తలెత్తి చెయ్యూపాడు కూడా. మొదటిసారి గీత తొక్కాడు, లెక్కలోకి రాలేదు. రెండోసారి గెంతులో ఉండగానే ఏదో అయింది. ఇసకలో పక్కకి పడి, తొడ పట్టుకుని ముడుచుకుపోయాడు.

 నేను అత్తయ్య వైపు తిరిగాను. నేను చెప్పలేదూ అంటుందనుకున్నాను. అనలేదు.  "తగిలింది," అంది. అంతే. మేం అక్కడ కొనిపెట్టిన ఆలూ వేపుడు ట్రేలోంచి చిన్న కాగితం ఉప్పు పొట్లాలు తీసి పళ్ళతో చింపింది. పిడికిట్లో పోసుకుంది. లేచి నిలబడి, అతని వైపు చెయ్యి చాపి తిప్పడం మొదలెట్టింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి అని గొణుగుతూ.

నాకు తల కొట్టేసినట్టయింది. వెనక కుర్రాళ్ళు చూస్తున్నారు. పక్కావిడ చూస్తోంది. ఆవిడకి ఎలాగో నసుగుతూ చెప్పాను, మా అత్తగారు అతనికి కీడు పోవాలని ఇలా చేస్తున్నారని. ఆవిడ నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. తన వేపుడు ట్రేలోంచి రెండు ఉప్పు పొట్లాలు తీసి అత్తయ్య చేతిలో పెట్టింది. ఇవి కూడా కలుపుకోమను అంది. అత్తయ్యకి ఇంగ్లీషు ముక్క రాదు. పొట్లాలు తీసుకుని, ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, అవీ చింపి పిడికిట్లో పోసుకుంది. మూడుసార్లూ తిప్పి, దగ్గరున్న కోక్ కప్పులో ఐసు కరిగిన నీళ్ళుంటే అందులో వేసింది.

అప్పుడే బాత్రూమ్ నుంచి వచ్చిన మా ఆయన, ఏం జరిగిందో తెలియక, దాహంగా ఉందని ఆ కప్పు ఎత్తి గుక్కెడు తాగేశారు. అంతటి ఆరాటంలోనూ అత్తయ్య కొడుకు వీపు మీద ధబీమని చరిచింది. ఆయన ముందు వరస వాళ్ళ బూట్ల పక్కన ఉమ్మేసి, అరగంట క్షమాపణలు చెప్పుకున్నారు.

ఇసకలో పడ్డ అతను లేచాడు. పక్కకి తీసుకెళ్ళి తొడకి కట్టు కట్టారు. ఇంక దూకడనే అనుకున్నాం అందరం. మిగతావాళ్ళు దూకారు. చివర్లో అతని వంతు పిలిస్తే, కుంటుకుంటూ వచ్చి పరుగు మొదలెట్టే చోట నిలబడ్డాడు. పరిగెత్తలేదు. మా వైపు తిరిగాడు. రెండు చేతులూ తలపైకెత్తి, నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి, చప్పట్లు కొట్టాడు. మమ్మల్నీ చప్పట్లు కొట్టమని. ముందు మా వైపు వాళ్ళు అందుకున్నారు, తర్వాత ఎదుటివైపు. కాసేపటికి ఆ స్టేడియమంతా ఒకే దరువు.

ఏం చేస్తున్నాడే అని అడిగింది అత్తయ్య. అందర్నీ తన వైపు చూడమంటున్నాడు అని చెప్పాను.

"తనని చూడమని తనే అడుగుతున్నాడా?" అంది. ఆవిడ మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి తగిలి పడ్డవాడు, మళ్ళీ అంతమంది కళ్ళనీ పిలుచుకుంటున్నాడు. ఆవిడ గబగబా కొంగు మొహం మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. అన్ని కళ్ళలో తన రెండు కళ్ళయినా తగ్గిద్దామని. లోకంలో ఎవరైనా టికెట్ ఉన్న సీట్లో కూర్చుని, ఆటగాడి మేలు కోరి చూడ్డం మానేస్తారా? మా అత్తయ్య మానేసింది.

అమ్మాయి అది చూసింది. తండ్రి మోకాళ్ళు దాటి, నన్ను దాటి వచ్చి, మామ్మ కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుంది.

"మామ్మా, అతను అడిగాడు. ఎవ్రీబడీని చూడమని అడిగాడు. నువ్వొక్కదానివే చూడట్లేదు."

అత్తయ్య కొంగు తియ్యలేదు. వద్దే తల్లీ, నీకు తెలీదు అంది లోపల్నుంచే.

"నేను రన్ చేసినా ఇలాగే చేస్తావా? నా ఫేస్ చూడవా?"

చుట్టూ దరువు పెరుగుతోంది.   పక్కావిడకి మా భాష రాకపోయినా ఏం అర్థమైందో, అత్తయ్య మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. అత్తయ్య కొంగు దించింది.

అతను పరిగెత్తాడు. ప్రతి అడుగుకీ ఒక చప్పట. అడుగులు జోరందుకున్న కొద్దీ చప్పట్లూ జోరందుకున్నాయి. ఎవరిని చూసి ఎవరు ఉరుకుతున్నారో తెలియలేదు. గెంతాడు. కట్టు ఉన్న కాలి మీదే వాలాడు. నా పక్కన అత్తయ్య అమ్మా అంది. విరగలేదు ఆ కాలు. మళ్ళీ లేచాడు, అంగ వేశాడు, ఆ తర్వాత దూకాడు. గాల్లో ఆగాడు. ఆగడని నాకు తెలుసు, సైన్సు చదివినదాన్నే. కానీ ఆ రోజు అక్కడున్నవాళ్ళెవరినైనా అడగండి, ఆగాడు. కాళ్ళు ముందుకు చాపి, చేతులు చాపి, అక్కడే కూర్చున్నాడు గాల్లో. తర్వాత ఇసక లేచింది.

ఆ అరుపులకి నా చెవులు మూసుకుపోయాయి. ముందు వరస ముసలాయన టోపీ ఎగరేశాడు, అది మళ్ళీ దొరకలేదు. పక్కావిడ ఫ్లాస్కు దొర్లుకుంటూ మెట్ల కిందికి పోయింది, ఆవిడకి పట్టలేదు. అతనికి మెడల్ వచ్చిందో లేదో నాకిప్పుడు గుర్తు లేదు. ఎంత దూరం దూకాడో కూడా గుర్తు లేదు. ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ మా వైపు చేతులెత్తాడు, అది గుర్తుంది. అత్తయ్య లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. ఆవిడకి చప్పట్లు కొట్టడం భజనలోనే అలవాటు. అందరూ ఇష్టం వచ్చినట్టు కొడుతుంటే ఆవిడొక్కతే తాళం తప్పకుండా కొట్టింది, ఒళ్ళంతా ఊగుతూ, కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండా.

 వచ్చేదారిలో కార్లో అత్తయ్య ముందు సీట్లో ఉన్న కొడుకుని అడిగింది.

"అంతమంది చూశారు. వాడికేం కాలేదు కదరా?"

"ఏం కాలేదమ్మా," అన్నారు మా ఆయన.

కాసేపాగి మళ్ళీ అదే అడిగింది. ఆయన మళ్ళీ అదే చెప్పారు. ఇల్లు చేరేదాకా ఎన్నిసార్లు అడిగిందో. ఒక్కసారి కూడా ఆయన విసుక్కోలేదు. ఆ ఒక్క విషయంలో మా ఆయన్ని నేను మెచ్చుకోవాల్సిందే.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగి, అత్తయ్య కుర్చీ ఒకటి పెరట్లోకి లాక్కుని వెళ్ళి వేసుకుంది. అమ్మాయిని పిలిచి, ఏదీ, పరిగెత్తు, చూస్తాను అంది. అది ఆ కంచె దగ్గర్నుంచి ఈ కంచె దాకా పరిగెత్తింది. మళ్ళీ అంది, మళ్ళీ పరిగెత్తింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ పాలు పొంగబెట్టుకున్నాను. ఆ రోజే మా ఆయన కోచ్‌కి ఫోన్ చేశారు.

శరదృతువులో దాని మొదటి పందెం. స్టేడియం కాదు, ఒక పార్కు. గడ్డి మీద మొదలై, చెట్లలోకి వెళ్ళి, ఎక్కడెక్కడో తిరిగి వచ్చే పరుగు. చూడ్డానికి వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది తల్లిదండ్రులు, రెండు కుక్కలు. అత్తయ్య చుట్టూ చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "ఇంతమందేనా చూసేది?" అంది. పిల్ల చెట్లలోకి వెళ్ళి కనబడకుండా పోతే ఆవిడ ప్రాణం నిలవలేదు. అక్కడెవరూ లేరే, దాన్ని ఎవరు చూస్తారే అని నన్ను పీక్కుతింది. అమ్మాయి ఎక్కడో వెనక వచ్చింది ఆ రోజు.

తర్వాతి పందేనికి అత్తయ్య రంగంలోకి దిగింది. ఫోన్ మోగితే వణికే మనిషి, పక్కన నన్ను కూర్చోబెట్టుకుని నంబర్లు తిప్పించి, మాకు తెలిసిన తెలుగువాళ్ళందరికీ తనే మాట్లాడింది. ఎడిసన్ వాళ్ళు, ప్లెయిన్స్‌బరో వాళ్ళు, ఒకసారెప్పుడో పూజలో కలిసినవాళ్ళు కూడా. శనివారం మా పిల్ల పరిగెత్తుతోంది, మీరు రావాలి, చూడాలి అంది. పెళ్ళికి పిలిచినట్టు పిలిచింది. వచ్చారు, పాపం. అంకుళ్ళు కోట్లు వేసుకుని, ఆంటీలు పట్టుచీరల మీద స్వెట్టర్లు వేసుకుని, పులిహోర డబ్బాలతో. కోచ్ బిత్తరపోయి చూశాడు. ఇవాళ మీకేదైనా పండగా అని నన్నడిగాడు. అవునన్నాను.

అత్తయ్య వాళ్ళని ఒక్కచోట నిలబడనివ్వలేదు. ముందే మా ఆయనతో దారంతా నడిచి చూసొచ్చింది. ఈ మలుపు దగ్గర మీరు, ఆ చెట్టు దగ్గర మీరు, వంతెన దగ్గర మీ ఇద్దరు అని ఒక్కొక్కరినీ నిలబెట్టింది. పిల్ల ఒక్క అడుగు కూడా ఎవరూ చూడకుండా పడకూడదంది. చివరి మలుపు దగ్గర తను నిలబడింది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను.

చెట్లలోంచి ముందు కేకలు వినిపించాయి. పరిగెత్తమ్మా, పరిగెత్తు అంటూ ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి అందుకుంటూ వచ్చాయి తెలుగు కేకలు. ముగ్గురు పిల్లలు వచ్చారు, నాలుగోది మాది. మొహం కందగడ్డలా ఉంది, జడ ఊడిపోయింది. అత్తయ్య నా చెయ్యి వదిలేసి రెండడుగులు ముందుకేసి, నేనెప్పుడూ వినని గొంతుతో ఒక పేరు పెట్టి అరిచింది.

మా అమ్మాయి పేరు కాదది. నాకు మా అమ్మ చెప్పిన పేరు. ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు. ముగింపు గీత దగ్గర నిలబడ్డ మా ఆయన అంత దూరం నుంచీ చటుక్కున ఇటు తిరిగారు. అమ్మాయి ఆ కేకకి ఒక్క క్షణం మామ్మ వైపు చూసి, పళ్ళు బిగించి, ముందున్న పిల్లని దాటేసింది.

ఇంటికి వస్తుంటే కార్లో అది అడిగింది, మామ్మా, నువ్వు నన్నేదో వేరే నేమ్‌తో పిలిచావు, హూ ఈజ్ దట్ అని.  నేను ఏదో ఒకటి చెప్పి మాట మారుద్దామని నోరు తెరిచాను. అంతలో అత్తయ్యే, దాని తల మీది గడ్డిపరకలు ఏరుతూ చెప్పింది.

"మీ మేనత్త. నీకంటే బాగా పరిగెత్తేది."